టైటిల్ కార్డులో రెండో పేరు

నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. ఆయన తండ్రి శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తి ఆ ఊళ్లో పేరున్న హరికథకులు. హరికథలో కథ చెప్పేదీ, పద్యం పాడేదీ, రాగం మార్చేదీ, తాళం నిర్ణయించేదీ ఒక్క మనిషే. పక్కనున్న ఫిడేలు, మృదంగం, హార్మోనియం ఆయన పెదవి కదలికను పట్టుకుని వెంట నడుస్తాయి. ఎవరి ముందూ కాగితం ఉండదు.

ఆ ఇంటి కుర్రాడు వెళ్లి చేరిన చోట ప్రతి వాద్యగాడి ముందూ ఒక కాగితం ఉంటుంది. ఫిడేళ్ల వరుసకు ఒకటి, వేణువుకు ఒకటి, వీణకు మరొకటి. తెర మీద మాత్రం ‘సంగీతం’ అని ఒకే పేరు పడుతుంది. ఆ కాగితాలన్నీ రాసిందెవరు?

తెలుగు సినిమాలో ఈ ప్రశ్నకు జవాబు వెతికితే నెల్లూరు దారి మళ్లీ మళ్లీ తగులుతుంది. అందులో వింతేమీ లేదు. అప్పట్లో మద్రాసుకు దగ్గరి తెలుగు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా రెండూ ఒకే రాష్ట్రం. గూడూరులోనో సూళ్లూరుపేటలోనో రైలెక్కితే పూట తిరక్కుండానే మద్రాసు. పులికాట్ సరస్సు దాటితే తమిళం వినిపిస్తుంది, ఆ తమిళం నడుమే తెలుగు సినిమా పెరిగింది.

నెల్లూరు దగ్గరి పొట్టేపాలెం నుంచి అలా వెళ్లినవారు ఘంటసాల బలరామయ్య. ‘శ్రీ సీతారామ జననం’ (1944)తో అక్కినేని నాగేశ్వరరావును కథానాయకుణ్ని చేసిన దర్శక నిర్మాత. 1948లో ఆయన తీసిన ‘బాలరాజు’కు సంగీత దర్శకుడు గాలిపెంచల నరసింహారావు. ఆయనకు సహాయకుడిగా చేరిన యువకుడి పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. ఇంటిపేరు ఒకటే గానీ నిర్మాతది పొట్టేపాలెం, సహాయకుడిది గుడివాడ దగ్గరి చౌటపల్లి. విజయనగరం సంగీత కళాశాలలో చదివి, బృందగానాల్లో గొంతు కలుపుతూ మద్రాసులో నిలదొక్కుకుంటున్న రోజులవి. భరణీ వారి ‘రత్నమాల’కు సి.ఆర్. సుబ్బురామన్ దగ్గర కూడా ఆయన సహాయకుడిగానే పనిచేశారు. 1949 నాటికి ‘కీలుగుర్రం’, ‘మనదేశం’ సినిమాలకు తనే సంగీత దర్శకుడు.

సహాయకుడంటే హార్మోనియం పెట్టె మోసేవాడని ఎవరైనా అనుకుంటే చాలా పొరపాటు. బాణీ అంటే పల్లవికీ చరణానికీ గొంతు పట్టే దారి. పాట అంటే అదొక్కటే కాదు. పల్లవికి ముందు వచ్చే సంగీతం, చరణాల నడుమ వచ్చే వాద్యసంగీతం, గాయకుడు ఊపిరి తీసుకునే సందులో పలికే ఫిడేలు ముక్క, ఏ వాద్యం ఎక్కడ ఆగాలో, ఏది ఎంత గట్టిగా మోగాలో, ఇవన్నీ ఎవరో ఒకరు ఆలోచించి స్వరాల్లో రాయాలి. రాసినదాన్ని వాద్యాలవారీగా విడదీయాలి. గాయకుడికి పాట నేర్పాలి. ఒకే ట్రాకులో రికార్డు చేసే ఆ రోజుల్లో పాడేవాళ్లూ వాయించేవాళ్లూ అందరూ ఒకేసారి పలకాలి. చివరి చరణంలో ఒక్క ఫిడేలు తప్పు పలికితే అందరూ మొదటికి రావాల్సిందే. అప్పుడు చెయ్యెత్తి లెక్క చెప్పి మళ్లీ మొదలుపెట్టించేది చాలాసార్లు సహాయకుడే.

ఇక సన్నివేశాలకు నేపథ్య సంగీతం కట్టే రీరికార్డింగు మరో ఎత్తు. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. దాన్ని తెర మీద వేసి చూస్తూ, పాత్ర తలుపు తీసే క్షణానికి సంగీతం ఆగేలా సెకన్లు లెక్కగట్టి రాసుకోవాలి. ‘దేవదాసు’ నిర్మాణంలో ఉండగానే, 1952 జూన్‌లో సుబ్బురామన్ కన్నుమూశారు. ఆయనకు అప్పటికి 28 ఏళ్లు. 1953లో సినిమా విడుదలయ్యేనాటికి మిగిలిన సంగీతమంతా పూర్తిచేసినవారు ఆయన దగ్గర హార్మోనియం వాయించిన ఎం.ఎస్. విశ్వనాథన్, ఫిడేలు వాయించిన టి.కె. రామమూర్తి. ఎక్కడ గురువు ఆగారో, ఎక్కడ శిష్యులు అందుకున్నారో సినిమా చూసేవాడికి చెవికి ఆనదు. గురువు పక్కన కూర్చుని ఆయన ఆలోచనను ఏళ్ల తరబడి కాగితం మీద పెట్టినవాళ్లు కాబట్టే అది కుదిరింది.

‘మాయాబజార్’ (1957) కథ ఇంకా సూటిగా ఉంటుంది. మొదట ఆ సినిమాకు కుదిరిన సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు. ‘లాహిరి లాహిరి’తో సహా నాలుగు పాటలకు బాణీలు కట్టాక ఆయన తప్పుకున్నారు. ఆ బాణీలకు వాద్యసంగీతం సమకూర్చి రికార్డు చేసినవారు, మిగతా పాటలన్నిటికీ బాణీలు కట్టినవారు ఘంటసాల. తెలుగువాళ్లు తరతరాలుగా ఆ వెన్నెల పడవపాటను ఒకే పాటగా వింటున్నారు. నిజానికి అందులో ఇద్దరు సంగీత దర్శకులున్నారు. గొంతు నడిచే దారి ఒకరిది, దాని చుట్టూ నీటి అలలా కదిలే వాద్యాల కూర్పు మరొకరిది. రెండోదాన్ని తీసేసి పాడుకున్నా పాట బతుకుతుంది, నిజమే. కానీ మన జ్ఞాపకంలో ఉన్న పడవ కదలదు.

ప్రపంచంలో మరెక్కడైనా ఇంతే. 1938 నాటి ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’కు కోర్న్‌గోల్డ్ సంగీతం రాస్తే వాద్యబృందానికి దాన్ని విస్తరించడంలో హ్యూగో ఫ్రీడ్‌హోఫర్ చెయ్యి ఉంది. ‘స్టార్ వార్స్’లో జాన్ విలియమ్స్ వెనక హెర్బర్ట్ స్పెన్సర్ ఉన్నారు. బొంబాయిలో శంకర్–జైకిషన్ పాటలకు గోవా నుంచి వచ్చిన సెబాస్టియన్ డిసౌజా వాద్యాల కూర్పు చేశారు. అక్కడ ఆ పనికి ‘అరేంజర్’ అనే విడి పేరు నిలిచింది. మద్రాసు తెలుగు సినిమాలో మాత్రం అన్నీ కలిసి ‘సహాయకుడు’ అన్న ఒక్క మాటలో ఒదిగిపోయాయి. ఆ మాట ఆ పనికి చాలదు.

చాలదని తెలుసుకోవడానికి సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ సహాయకుడు పుహళేంది ఒక్కరు చాలు.

మహదేవన్ నాగర్‌కోయిల్ ప్రాంతం మనిషి, పరిశ్రమకంతా ‘మామ’. తెలుగు ఆయన మాతృభాష కాదు. అయినా ఆయన పద్ధతి ముందు పాట, తర్వాత బాణీ. రాసిన మాటలు చేతికొచ్చాకే హార్మోనియం ముందు కూర్చునేవారు. ఆ మాటలు రాసిచ్చినవారిలో ముందు వరుసలో నిలిచే కవి సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921లో పుట్టిన కిళాంబి వెంకట నరసింహాచార్యులు, అంటే ఆచార్య ఆత్రేయ. ‘మంచి మనసులు’ (1962), ‘మూగ మనసులు’ (1964), ‘ప్రేమ్‌నగర్’ (1971) ఆ ఇద్దరి కలయికే. ఆత్రేయ రాసి ప్రేక్షకుల్నీ, రాయక నిర్మాతల్నీ ఏడిపిస్తారని పరిశ్రమలో నానుడి. మాట ముందు, బాణీ తర్వాత అన్న పద్ధతిలో కవి కాగితం ఆలస్యమైతే ఏమవుతుంది? రికార్డింగు తేదీ జరగదు. కాబట్టి కుదించుకుపోయేది ఆ తర్వాతి పనే, అంటే పుహళేంది పని.

పుహళేంది అసలు పేరు వేలప్పన్ నాయర్, ఊరు తిరువనంతపురం. మలయాళంలో సొంతంగా కొన్ని సినిమాలకు సంగీతం ఇచ్చిన మనిషి. తెలుగులో మాత్రం దశాబ్దాల తరబడి మహదేవన్ పేరు కిందే ఆయన పేరు కనిపించింది. మామ హార్మోనియం మీద పల్లవి పలికిస్తుంటే ఈయన స్వరం రాసుకునేవారు. గాయనీగాయకులకు పాట నేర్పడం, వాద్యబృందాన్ని నడిపించడం ఈయన వంతు. తెలుగు మాటలో ఏ అక్షరం పొడవో, ఏది పొట్టో, ఎక్కడ విరిస్తే అర్థం చెడుతుందో తెలియకపోతే ఈ పని జరగదు. ఒక తమిళుడు బాణీ కట్టి, ఒక మలయాళీ నేర్పితే, నెల్లూరు జిల్లా కవి రాసిన తెలుగు చెక్కుచెదరకుండా జనం నాలుకల మీదికి చేరింది. తెలుగు పాట చరిత్రలో ఇంతకన్నా గొప్ప సంగతులు ఎక్కువ ఉండవు.

1980లో ‘శంకరాభరణం’ వచ్చింది. కథానాయకుడు సంగీత విద్వాంసుడు, ఆయనకు గొంతు ఇవ్వాల్సింది నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం, అంటే బాలు. శాస్త్రీయ సంగీతం గురుముఖంగా నేర్చుకోని తాను ఆ పాటలు పాడగలనా అని బాలు వెనకాడారు. చివరికి పాడారంటే పుహళేంది ఓపిగ్గా నేర్పినందువల్లేనని ఆయనే తర్వాత చెప్పుకునేవారు. ఆ సినిమాకు ఉత్తమ గాయకుడిగా బాలుకు, ఉత్తమ సంగీత దర్శకుడిగా మహదేవన్‌కు జాతీయ అవార్డులు వచ్చాయి. 1967 సినిమాలకు మొదటిసారి పెట్టిన సంగీత దర్శకుడి జాతీయ అవార్డు కూడా మహదేవన్‌దే. పాట నేర్పినవారికీ, వాద్యబృందాన్ని నడిపినవారికీ ఇచ్చే విభాగం ఆ పట్టికలో లేదు.

బాలును సినిమాకు తెచ్చిన దారి కూడా నెల్లూరు జిల్లాలోంచే మొదలైంది. గూడూరులో జరిగిన పాటల పోటీలో ఎస్. జానకి ఆయన పాట విని సినిమాల్లో పాడమని వెన్నుతట్టారు. మద్రాసులో మరో పోటీలో విన్న సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి ఆ గొంతును వదల్లేదు. 1966 డిసెంబరు 15న విజయా గార్డెన్స్‌లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ పాట రికార్డయ్యింది. ఆ రోజుల్లో పని అయిపోయిన టేపు చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. ఈ టేపును మాత్రం చెరపవద్దని కోదండపాణి రికార్డింగు ఇంజనీరు స్వామినాథన్‌ను అడిగి ఉంచారట. వచ్చిన నిర్మాతలకూ తోటి సంగీత దర్శకులకూ ఈ కుర్రాడి గొంతు వినిపించడం కోసం. తర్వాతి కాలంలో బాలు తన స్టూడియోకు ‘కోదండపాణి ఆడియో ల్యాబ్స్’ అని పేరు పెట్టుకున్నారు.

అవకాశాల కోసం చూస్తున్న ఆ తొలిరోజుల్లోనే బాలుకు ఒక కచేరీ బృందం ఉండేది. అందులో గిటారు, ఆ తర్వాత హార్మోనియం వాయించినవాడు ఇళయరాజా. తాళవాద్యాల మీద ఆయన అన్న భాస్కర్, గిటారు మీద తమ్ముడు గంగై అమరన్. పగలు ఇళయరాజా సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడు. ధన్‌రాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. ఇళయరాజా తనే సంగీత దర్శకుడయ్యాక ఇన్నాళ్లూ ఉన్న పని విభజన తలకిందులైంది. బాణీతో పాటు ప్రతి వాద్యానికీ స్వరాలు ఆయనే రాసేవారు. సహాయకులకు మిగిలింది వాటిని విడివిడి కాగితాలుగా ఎక్కించి, వాద్యబృందానికి అందించి పలికించడమే. ‘సాగరసంగమం’ (1983), ‘రుద్రవీణ’ (1988) అలా తయారైనవే. రెండింటికీ సంగీత దర్శకుడిగా ఆయనకూ, గాయకుడిగా బాలుకూ జాతీయ అవార్డులు దక్కాయి. అంత వేగంగా, అంత నిండుగా ఒక్కచేత్తో రాయగలవాళ్లు అరుదు. ఆయన్ని కొలబద్దగా పెట్టి మిగతావాళ్లను తక్కువ చేయడం మాత్రం న్యాయం కాదు. మహదేవన్–పుహళేందిల పాట ఇద్దరు మనుషుల పాట కావడం వల్ల దాని విలువ తగ్గలేదు.

వాయించేవాళ్ల కూలీ సంగతీ ఇందులో భాగమే. మద్రాసులో వాద్యకారులను కూడగట్టి సంఘం పెట్టించినవారు చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్. చేసిన పనికి డబ్బు అడిగే హక్కు అలా వచ్చింది గానీ, పేరు అడిగే హక్కు అంత తేలిగ్గా రాలేదు.

ఎనభైల నుంచి కాగితాల స్థానంలోకి కీబోర్డు వచ్చింది. సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకులుగా పనిచేసిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకరు మరో సంగీత దర్శకుడు టి.వి. రాజు కొడుకు, ఇంకొకరు సాలూరి రాజేశ్వరరావు కొడుకు. ఇద్దరూ కలిసి రాజ్–కోటి అయ్యారు. వారి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ తర్వాత ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు. కీరవాణి కూడా చక్రవర్తి దగ్గర సహాయకుడిగా మొదలైనవారే. ‘అసిస్టెంట్’ అనే మాట క్రమంగా ‘ప్రోగ్రామర్’గా మారింది.

చక్రవర్తి పాటలకు డ్రమ్స్ వాయించినవారిలో ఘంటసాల శివకుమార్ ఒకరు. పొట్టేపాలెం బలరామయ్య కొడుకు. తండ్రి నిర్మాతగా ఉన్నచోట కొడుకు వాద్యకారుల వరుసలో కూర్చున్నాడు. 1994లో మాధవపెద్ది సురేష్ సంగీతంలో ‘భైరవద్వీపం’ రికార్డింగు జరుగుతున్నప్పుడు ఆ డ్రమ్స్ వెనక పదేళ్లు దాటిన ఒక పిల్లవాడున్నాడు. శివకుమార్ కొడుకు, తమన్. ఆ తర్వాత మణిశర్మ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి, 2009లో ‘కిక్’తో తెలుగులో తన పేరు మీద సంగీతం ఇచ్చాడు. ‘అల వైకుంఠపురములో’ పాటలకు జాతీయ అవార్డు అందుకున్నాడు. ‘బాలరాజు’కు ఘంటసాల వెంకటేశ్వరరావు సహాయకుడిగా స్వరాలు రాసిననాటికి ఆ నిర్మాత మనవడు పుట్టడానికి ఇంకా 35 ఏళ్లు ఉంది.