ఉప్పుగూడ సమాధులును మెస్సీయ స్వభావవిచారమును

హైదరాబాదు పాతనగరమున ఉప్పుగూడలో క్రీ. శ. 17వ శతాబ్దమునాటి క్రైస్తవ శ్మశానవాటిక యొకటి కలదు. అందు ఆర్మీనియనుల సమాధులును, డచ్చివారి సమాధులును గలవు. ఆ కాలమున హిందూదేశమునకు వచ్చిన ఆర్మీనియను వర్తకులలో పెక్కండ్రు, పారసీక ప్రభువగు షా అబ్బాసు 1604-05 ప్రాంతమున జుల్ఫానుండి ఇస్ఫహానునకు తరలించిన కుటుంబములవారు. గోలకొండ రాజ్యమునకు మచిలీపట్టణపు రేవుద్వారా పారసీకముతో వ్యాపారసంబంధము మెండుగా నుండెను. డచ్చివారికిని ఆ రేవే స్థానము. ఒక్క నేలలో విశ్రమించిన యీ యిరుతెగల సంఘములు మాత్రము మెస్సీయ స్వభావవిషయమున ఒక్కమాట చెప్పినవి కావు.

మెస్సీయ యను హెబ్రీపదమునకు అభిషిక్తుడని యర్థము. పాతనగరపు వాడుకలోని 'మసీహ్' శబ్దమును ఆ ధాతుకుటుంబమునకే చెందినది. 325లో నికేయసభ కుమారుడు తండ్రితో ఏకతత్త్వుడని నిర్ణయించెను. అంతట, దేవుడైనవాడే మనుష్యుడు నెట్లయ్యె నను ప్రశ్న పుట్టెను. నెస్తోరియసు బోధ క్రీస్తును ఇరువురు వ్యక్తులుగా విడదీయుచున్నదని 431లో ఎఫెసుసభ దానిని ఖండించెను. యూతికుసు, మానుషము దైవమునందు లీనమయ్యెననినట్లు తోచెను. 451లో కల్కెదోనుసభ ఈ రెండుత్రోవలను విడిచి, వ్యక్తి యొక్కడు, స్వభావములు రెండు, అవి కలగలియవు, మారవు, విడిపోవు, వేరుపడవు అని సిద్ధాంతీకరించెను. డచ్చి సంస్కృతసంఘము దీనిని అంగీకరించినది.

ఆ 451లోనే ఆర్మీనియనులు అవరాయిరు రణభూమిలో పారసీక చక్రవర్తియగు రెండవ యజ్దగిర్దు సేనలతో పోరుచుండిరి. పారసీకాధిపత్యము క్రిందనున్న వారి సంఘమునకు ఆ సభానిర్ణయములో పాలు లేదు. 6వ శతాబ్దమున ద్విన్ నగరసభలు జరిగిన పిదప, వారు కల్కెదోను సూత్రమును నిరాకరించి, అలెగ్జాండ్రియా సిరిలు పలుకుబడినే పట్టిరి. వాక్కు శరీరము దాల్చిన పిదప స్వభావ మొక్కటియే యని దాని తాత్పర్యము.

ఇందలి చిక్కు 'ఫూసిస్' అను గ్రీకుశబ్దముయొక్క అర్థమునందున్నది. వైయాకరణులకు ఇట్టిచిక్కు క్రొత్తది కాదు. సరూపసూత్ర భాష్యమున శబ్దార్థము ఆకృతి యని వాజప్యాయనుని మతమును, ద్రవ్యమని వ్యాడి మతమును చర్చింపబడినవి. ఫూసిస్సునకు ఆకృతి యర్థమైనచో, దైవత్వ మొకటి, మానుషత్వ మొకటి, కావున రెండు. ద్రవ్య మర్థమైనచో, క్రీస్తు ఒక్క వస్తువే, కావున ఒకటి. ఆకృతు లొక్కటియైన యూతికుసు దోషము. ద్రవ్యములు రెండైన నెస్తోరియసు దోషము. ఆర్మీనియనులును కల్కెదోనువారును ఈ యిరువురిని సమానముగా ఖండింతురు.

'దేవమానవుడు' అను సమాసమును ఇట్లే పరీక్షింపవచ్చును. ద్వంద్వ మనినచో ఇరువురగుదురు. దేవుని మానవుడని షష్ఠీతత్పురుష మనినచో ప్రవక్తమాత్రు డగును. కర్మధారయ మనినచో, ప్రవృత్తినిమిత్తములు వేరైన రెండుపదములు నీలోత్పలమందువలె ఏకాధికరణమున నిలుచును. అయినను దృష్టాంత మంతటితో ఆగును. నీలత్వము గుణమాత్రము, క్రీస్తు మానుషమో, దేహముతోను వివేకముగల ఆత్మతోను పూర్ణమైనదని యుభయసంఘముల మతము.

ఇది కేవల శబ్దకలహ మనుటయు తొందరపాటే. దైవము వికారము పొందునేమో యని యొకరికి భయము. రక్షకుడు రెండుగా చీలునేమో యని వేరొకరికి భయము. సామ్రాజ్యముల పోరును ఆ యెడమును పెంచెను. 1996 డిసెంబరు 13న రోమా పీఠాధిపతి రెండవ జాను పాలును, ఆర్మీనియను కథోలికోసు మొదటి కరెకినును సంయుక్తప్రకటన గావించి, క్రీస్తు పూర్ణదేవుడును పూర్ణమనుష్యుడును అని ఒక్కకంఠముగా పలికిరి. కల్కెదోను సభకు అప్పటికి 1545 ఏండ్లు.

కావున ఉప్పుగూడ ఆర్మీనియనులను 'ఏకస్వభావవాదు'లని వ్రాయువారు, యూతికుసు మతమును వారి కంటగట్టకుండ, 'సంయుక్తైకస్వభావవాదు'లని వ్రాయుట న్యాయము. మృతులు తమ మతమును తాము సమర్థించుకొనజాలరు. ఆ భారము పదము నెన్నుకొను పండితునిదే.