సుల్తానా స్వప్నము: కథయు, అంతరార్థమును

స్త్రీలే రాజ్యమేలు దేశముల కథలు తెలుగు పాఠకులకు క్రొత్తవి కావు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతమున ప్రమీల యేలిన స్త్రీరాజ్యము కలదు. ఆమె ధర్మరాజు యాగాశ్వమును పట్టి కట్టించెను. తుదకు అర్జునుని వరించుటతో ఆ కథ ముగిసెను. ఎంతటి రాణికైనను ఒక వీరునకు ఇల్లాలగుటయే అందు గమ్యము. పందొమ్మిదవ శతాబ్దపు తుది దశకమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు సత్యరాజా పూర్వదేశయాత్రలలో ఆడుమళయాళమును కల్పించి, అధికారము స్త్రీలదిగను, కట్టుబాట్లు పురుషులకుగను తలక్రిందు చేసి చూపిరి.

1905వ సంవత్సరమున మఱియొక స్త్రీరాజ్యము వెలసెను. కమలా సత్యనాథన్ సంపాదకత్వమున మద్రాసునుండి వెలువడుచుండిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అను ఆంగ్లపత్రికలో 'సుల్తానాస్ డ్రీమ్' అను చిన్నకథ అచ్చయ్యెను. వ్రాసినది వంగదేశపు ముస్లిము వనిత రొకెయా సఖావత్ హుస్సేన్. విజ్ఞానశాస్త్రమును ఆధారముగా గొని భారతదేశమున వెలసిన తొలితరపు కల్పనాకథలలో దీనిని ఒకటిగా నేడు పెద్దలు గణించుచున్నారు.

రొకెయా 1880లో, నేడు బంగ్లాదేశములో నున్న రంగపూరు ప్రాంతపు పైరాబంద్ గ్రామమున, జమీందారీ కుటుంబమున జన్మించెను. అయిదేండ్ల ప్రాయమునుండియే ఆమెకు ఘోషా తప్పలేదు. పరాయి స్త్రీల కంట బడుటకును వీలు లేకుండెను. వంగభాషను, ఆంగ్లమును ఆమె అన్నగారు రాత్రివేళ రహస్యముగా నేర్పిరి. పిమ్మట ఆమెను వివాహమాడిన సఖావత్ హుస్సేన్‌గారు భాగల్పూరున డిప్యూటీ మేజిస్ట్రేటు. భార్య చదువునకు తోడ్పడిన ఉదారుడు. ఆయన ఉద్యోగపు పర్యటనమున నుండగా ప్రొద్దుపోవుటకై ఆమె ఈ కథ వ్రాసెను. తిరిగివచ్చిన భర్త నిలువుకాళ్లపై నుండియే దానిని ముగియ జదివి, ఇది ఘోరమైన ప్రతీకారమని మెచ్చుకొనెనట.

కథ యిట్టిది. సుల్తానా యను స్త్రీ పడకకుర్చీలో కూర్చుండి భారతస్త్రీల దుస్థితిని తలపోయుచు కునుకుపట్టును. సారా యను సఖివంటి యొక స్త్రీ వచ్చి ఆమెను బయటికి తోడ్కొనిపోవును. అది స్త్రీల దేశము. వీథులలో పురుషుడు కానరాడు. వారందఱును 'మర్దానా'లో నుండి వంటచేయుచు, బిడ్డల నెత్తుకొనుచుందురు. అచ్చట గగనమున బెలూను నిలిపి మేఘములనుండి నీరు తీయుదురు, సూర్యుని వేడిమిని నిలువచేసి దానితోనే వండుకొందురు, విద్యుచ్ఛక్తితో పొలము దున్నుదురు, ఆకాశయానమున పయనింతురు. పనివేళ దినమునకు రెండు గంటలే. అదెట్లు చాలునని సుల్తానా అడుగగా సారా లెక్క చెప్పును: ఒక చుట్ట కాలుటకు అరగంట; పురుషుడు దినమునకు పండ్రెండు చుట్టలు కాల్చును; అనగా ఆరు గంటలు పొగలోనే పోవును. ఈ పద్దును త్రోసిపుచ్చుట కష్టము!

పురుషులు లోపలికి ఎట్లు పోయిరి? పొరుగురాజునకు భయపడి కొందఱు ఆ దేశమున శరణుజొచ్చిరి. వారిని అప్పగింప రాణి నిరాకరింపగా యుద్ధము వచ్చెను. సైన్యము ఓడెను, శత్రువు రాజధానిని సమీపించెను. అప్పుడొక విశ్వవిద్యాలయపు అధ్యక్షురాలు, తాము వెలికి వచ్చుటకు ముందు పురుషులు జనానాలోనికి పోవలెనని కోరెను. అలసిన పురుషులు మాఱు పలుకక పోయిరి. రెండువేల విద్యార్థినులు యుద్ధభూమికి నడచి, కూడబెట్టిన సూర్యకిరణములను శత్రువులపైకి మరలించిరి. ఆ తాపమునకు తాళలేక వారు పలాయితులైరి.

పైకి ఇది హాస్యము. లోతు వేరు. పురుషులు ఘోషాలో నుండుట యన్నంతనే ఎవరికైనను నవ్వు వచ్చును. పురుషుని గోడలనడుమ నుంచుట నవ్వదగినదైనచో, స్త్రీని ఉంచుట ధర్మమెట్లయ్యెను? సారా ఇదే అడుగును: హానిచేయు పిచ్చివారిని కట్టడిలో నుంతురు గాని, వారిని వదలి బుద్ధిమంతులను బంధింతురా? స్త్రీకి వీథిలో భయమున్నచో, ఆ భయమునకు కారకుడైనవాడు గదా లోపల నుండవలసినది? కాబట్టి పురుషుల నందఱను బంధింపుమని చెప్పుట కథకురాలి ఉద్దేశము కాదు. ఆమె అద్దమును త్రిప్పి పట్టినది. అందు ముఖము చూచుకొనువాడే తీర్పు చెప్పుకొనవలెను.

అంతకంటె ముఖ్యమైనది కథలోని వరుస. విజయము మొదట రాలేదు. మొదట స్త్రీలందఱు చదువవలెనని రాణి శాసించెను; ఇరువదియొక యేడు నిండక వివాహము కూడదనెను; పిమ్మట స్త్రీల విశ్వవిద్యాలయములు వెలసెను. పురుషులు సైన్యబలము పెంచుకొనుచు స్త్రీల పరిశోధనలను పరిహసించుచుండగా, ఆ విద్యాలయములు నీటికిని ఎండకును ఉపాయము కనుగొనెను. వంటకై కూర్చిన వేడిమియే రాజ్యమును కాచెను. ప్రమీల కథకును దీనికిని భేదమిదియే: ఇచ్చట రక్షకుడు వెలుపలినుండి రాలేదు, చదువే రక్షించెను. వీరేశలింగము పంతులుగారు చూపిన తలక్రిందుకు రొకెయా శాస్త్రమును జోడించినది.

తుదకు సుల్తానా ఆకాశయానమునుండి జాఱినట్లై మేల్కాంచును; చూడగా తన పడకకుర్చీయే. రొకెయా మాత్రము కలతో ఊరకుండలేదు. 1909లో భర్త గతించెను. ఆ యేడే ఆయన పేర భాగల్పూరున అయిదుగురు బాలికలతో పాఠశాల తెఱచెను. అచ్చట నిలువలేక కలకత్తా చేరి, 1911లో ఎనిమిదిమందితో మరల మొదలిడెను. ఆకాశయానమును ఊహించిన ఆమెయే పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకొనుటకై నలువైపుల తెరలు గట్టిన బండిలో వారిని బడికి రప్పింపవలసివచ్చెను. 1932లో మరణించువఱకు ఆమె ఆ పని విడువలేదు. ఆ పాఠశాల నేటికిని కలకత్తాలో నడచుచున్నది.

కలలోని రెండువేల విద్యార్థినులకును, తెరబండిలోని ఎనిమిదిమందికిని నడుమ దూరమెంతయో ఆమె యెఱుగును. ఎఱిగియు ఎనిమిదిమందితోనే మొదలుపెట్టెను. గ్రంథాలయమున పుస్తకమును తీసికొను ప్రతి బాలికయు ఆ లెక్కకు ఒకటి చేర్చుచున్నది.