గుడిబండ రాకుమారుడు

మా ఊరికి డేరా టాకీసు వచ్చిందంటే పంట చేతికొచ్చినట్టే. సంక్రాంతి దాటి, కల్లాలు ఎత్తాక, ఊరి బయట ఖాళీ చేలో గుంజలు పాతి డేరా కట్టేవాళ్లు. ఒక మూల జనరేటరు గుడగుడమంటుండేది. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, మధ్యలో తడక. నేల టికెట్టు వాళ్లకు ఇసుకే కుర్చీ. ఒక్కటే ప్రొజెక్టరు కాబట్టి రీలు అయిపోగానే బల్బు వెలిగేది, శనక్కాయలమ్మే పిల్లవాడు మనుషుల మధ్యనుంచి దూరిపోయేవాడు. మళ్లీ బల్బు ఆరగానే కథ మొదలు. ఆ ఇసుకలో కూర్చుని నేను మొట్టమొదట చూసిన కథానాయకుడు ఎన్టీఆర్ కాదు, ఏఎన్నార్ కాదు. కాంతారావు.

గుర్రం దిగుతాడు. సన్నటి మీసం, బిగించిన నడికట్టు, చేతిలో కత్తి. ఎదురుగా రాజనాల. ఇద్దరి కత్తులూ కలుసుకుంటే డేరాలో చీమ చిటుక్కుమనేది కాదు. రాజనాల కత్తిని బలంతో దూస్తాడు, కాంతారావు మణికట్టుతో తిప్పుతాడు. ఆ తేడా చిన్నపిల్లలకు కూడా తెలిసేది. ఆయన చూపు ఎదుటివాడి కత్తి మీద ఉండదు, కళ్ల మీద ఉంటుంది. వెనక్కి మెట్లెక్కుతూ పోరాడుతున్నా కాలు తడబడదు. కత్తి ఎగిరి దూరంగా పడితే డేరా అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టేది. మళ్లీ చేతికి చిక్కగానే ఈలలు, కేకలు. తెల్లారి బడికి పోయే దారిలో మా చేతుల్లో కందికట్టెల కత్తులు. రోజూ మా అన్నే కాంతారావు, రోజూ నేనే రాజనాల. ఒకరోజు అన్న కనుబొమ్మ మీద గీసుకుపోయి నెత్తురొచ్చింది. నాయిన కట్టెలన్నీ విరిచి పొయ్యిలో పెట్టాడు.

ఆ నాయినే, ఎన్నో ఏళ్ల తరువాత, సూర్యాపేట నుంచి విజయవాడ పోయే బస్సులో కోదాడ దగ్గర కిటికీలోంచి చేయి చూపించి అన్నాడు: "అగో, గా తోవల పోతే గుడిబండ. మన కాంతారావు ఊరు."

మన కాంతారావు. అప్పటిదాకా ఆయన మాకు మద్రాసు మనిషి. మా జిల్లా మట్టిలో పుట్టినవాడని మాలో ఒక్కడికీ తెలియదు. ఆ సినిమాల భాషలో మా యాస ఎక్కడా వినపడేది కాదు కాబట్టి తెలిసే దారీ లేదు. నల్లగొండ జిల్లా మనిషి తెలుగువాళ్లందరికీ రాకుమారుడై కనపడుతుంటే, నల్లగొండ జిల్లా పిల్లలం ఆయనను పరాయివాడనుకుని కొలిచాం. ఇది నాకు ఇప్పటికీ గుండెలో ముల్లే.

తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923 నవంబరు 16న గుడిబండలో పుట్టారు. కోదాడ ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది, తరువాత నల్లగొండ జిల్లాలో, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో. భూములున్న కుటుంబం, నాటకాల మీద మనసు. ఊళ్లో ఉండి వ్యవసాయం చూసుకుంటే రోజులు దర్జాగా వెళ్లిపోయేవి. ఆయన మద్రాసు రైలెక్కారు. హెచ్.ఎం. రెడ్డి 1951లో తీసిన 'నిర్దోషి'తో తెరమీదికి వచ్చారు. 1953లో వచ్చిన 'ప్రతిజ్ఞ' ఆయనను కథానాయకుణ్ణి చేసింది. రాజనాలకు అదే తొలి సినిమా. అంటే మా డేరాలో కలుసుకున్న ఆ రెండు కత్తులు ఒకే గడపలోంచి పరిశ్రమలోకి వచ్చాయన్నమాట.

1959లో జానపద చిత్రాల దర్శకుడు విఠలాచార్య 'జయవిజయ' తీశారు. అక్కడినుంచి ఐదారేళ్లు కాంతారావుకు ఎదురు లేదు. 'కనకదుర్గ పూజామహిమ', 'వరలక్ష్మీ వ్రతం', 'మదనకామరాజు కథ', 'గురువును మించిన శిష్యుడు', 'నవగ్రహ పూజామహిమ', 'జ్వాలాద్వీప రహస్యం'... పేర్లు వింటేనే ఇసుక వాసన వస్తుంది నాకు. విఠలాచార్య పొదుపరి. ఉన్న సెట్టునే మార్చి మార్చి వాడి, అనుకున్న రోజుల్లో సినిమా ముగించేవారు. అలాంటి చోట, అట్టముక్కల కోటలో, రంగులేని చిత్రంలో, ఇది నిజమైన రాజ్యమే అని జనాన్ని నమ్మించే భారమంతా కథానాయకుడి మీద పడుతుంది. కాంతారావు నమ్మించారు. కృష్ణకుమారి, రాజశ్రీ పక్కన నిలబడితే ఆ జంటను చూసి ముసలమ్మలు మెటికలు విరిచేవాళ్లు. జనం ఆయన ఇంటిపేరునే మార్చేశారు. తాడేపల్లి పోయి కత్తి వచ్చింది. కత్తి కాంతారావు. తెలుగు సినిమాకు ఎన్టీఆర్, ఏఎన్నార్ రెండు కళ్లయితే వాటి నడుమ తిలకం కాంతారావు అని పెద్దలు అనేవారు.

నా మటుకు నాకు ఆయన గొప్పతనం కత్తిలో కన్నా 'లవకుశ'లో ఎక్కువ కనిపిస్తుంది. 1963లో వచ్చిన ఆ సినిమాలో రాముడు ఎన్టీఆర్, సీత అంజలీదేవి, లక్ష్మణుడు కాంతారావు. గర్భవతి అయిన వదినను అడవిలో వదిలి రమ్మని అన్న ఆజ్ఞ. వదినకు విషయం తెలియదు. ఆ మాట తన నోటితోనే చెప్పాలి. ఆ ఘట్టంలో కాంతారావు ముఖం చూడండి. అన్న మీద కోపం ఉంది, కానీ అనలేడు. వదిన మీద జాలి ఉంది, కానీ ఆగిపోలేడు. పెద్ద పెద్ద డైలాగులు అవసరం పడలేదు. తల వంచుకుని నిలబడ్డ మనిషి భుజాల్లోనే సగం ఏడుపు కనిపిస్తుంది. ఆ సినిమాను మా అమ్మ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. రాముడి గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. "పాపం, లక్ష్మణుడు" అనేది.

అదే 1963లో 'నర్తనశాల'లో ఆయన కృష్ణుడు. 1965లో 'పాండవ వనవాసం'లోనూ కృష్ణుడే. 'సీతారామ కళ్యాణం'లో, 'శ్రీకృష్ణార్జున యుద్ధం'లో నారదుడు. ఎన్టీఆర్ కృష్ణుడిగా దేవుడైపోయిన రోజుల్లోనే, అదే ఎన్టీఆర్ ఎదుట కృష్ణుడి వేషం కట్టి జనాన్ని ఒప్పించడం మాటలు కాదు. దాన్ని ఎవరూ పెద్దగా ఎత్తి చెప్పలేదు.

దిగడం ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. 1963లోనే విఠలాచార్య ఎన్టీఆర్‌తో 'బందిపోటు' తీశారు, మరుసటి ఏడు 'అగ్గిపిడుగు'. పెద్ద హీరో జానపదంలోకి దిగితే చిన్న పెట్టుబడి జానపదానికి చోటు తగ్గడం మొదలవుతుంది. 1966లో కృష్ణ 'గూఢచారి 116' వచ్చింది. పిల్లల చేతుల్లో కందికట్టె పోయి బొమ్మ తుపాకీ వచ్చింది. సినిమాలు రంగుల్లోకి మారుతున్నాయి, రంగుల్లో కోటలు కట్టాలంటే ఖర్చు తడిసి మోపెడు. నలభై దాటిన కథానాయకుడు, తనను నిలబెట్టిన కథలేమో పాతబడుతున్నాయి. ఆ వయసులో చాలామంది చేసినట్టు తండ్రి వేషాలకు మారి నిమ్మళంగా ఉండవచ్చు. కాంతారావు తానే నిర్మాత కావాలనుకున్నారు.

సంస్థకు పెట్టుకున్న పేరు హైదరాబాద్ ఫిలింస్. ఆగి చూడవలసిన పేరు అది. ఉంటున్నది మద్రాసులో, సంపాదన మద్రాసులో. తొలి సినిమా విడుదలైన 1969లో తెలంగాణ వీధులు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో అట్టుడుకుతున్నాయి. ఆయన రాజకీయం ఏమిటో ఆ పేరు చెప్పదు. మనసు ఎక్కడుందో మాత్రం చెబుతుంది.

ఆ ఏడాదే 'సప్తస్వరాలు', 'గండరగండడు'. మొదటిదానికి వేదాంతం రాఘవయ్య దర్శకులు. రెండోది కె.ఎస్.ఆర్. దాస్ చేతిలో రూపొంది బాగా ఆడింది. తరువాత 1971లో 'ప్రేమజీవులు', 1974లో 'గుండెలు తీసిన మొనగాడు'. దెబ్బ మీద దెబ్బ. అదే 1971లో అదే దాస్ కృష్ణతో 'మోసగాళ్లకు మోసగాడు' తీసి తెలుగు తెరకు కౌబాయ్‌ని తెచ్చారు. కత్తి పట్టించిన చేతులే తుపాకీ పట్టించాయి, కాలం అటు తిరిగింది.

సొంత సినిమా నష్టం మామూలు నష్టం కాదు. నటుడిగా చేస్తే పోయేది పేరు, తెచ్చుకోవచ్చు. నిర్మాతగా మునిగితే వడ్డీ రాత్రీ పగలూ పెరుగుతుంది. ఫైనాన్షియరు డబ్బు కడితేనే ల్యాబులోంచి ప్రింటు బయటికి వచ్చేది. సినిమా ఆడకపోతే తరువాతి సినిమా లాభంతో తీర్చుదామని మళ్లీ అప్పు. ఆ అప్పుకు పూచీగా ఊళ్లో ఉన్న నేల. చిత్తూరు నాగయ్య ఆ గుంటలోనే పడ్డారు, సావిత్రి ఆ గుంటలోనే పడ్డారు. కాంతారావుకు వాళ్ల కథ తెలియక కాదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో కోదాడ చుట్టుపక్కల మాగాణి పచ్చబడుతున్న కాలంలోనే గుడిబండ మనిషి ఆస్తి సినిమాల కింద కరిగిపోయింది. మాగాణిని అమ్మి అట్టకోటలు కట్టిన మనిషిని తెలివితక్కువవాడని అనేవాళ్లున్నారు. నేను అనలేను. తనకు అన్నం పెట్టిన కథలను చివరిదాకా నమ్మినవాడు ఆయన. 1989లో, 65 ఏళ్ల వయసులో, 'స్వాతిచినుకులు' అని మరో సినిమా తీశారు. అప్పులన్నీ చూసిన తరువాత, పదిహేనేళ్లు ఆగి, మళ్లీ. అదీ పోయింది.

మధ్యలో మంచి వేషాలు రాకపోలేదు. 1975లో 'ముత్యాల ముగ్గు'లో జమీందారు పాత్ర చూస్తే ఆ నడకలో పాత రాకుమారుడు కనిపిస్తాడు. తరువాత తరువాత వేషాలు చిన్నవయ్యాయి. తాతగారు, పూజారి, పెళ్లిపెద్ద. ఒక్క దృశ్యం, రెండు మాటలు. టీవీ సీరియళ్లు వచ్చాక వాటిలోనూ చేశారు. ఒక సాయంత్రం మా ఇంట్లో టీవీలో ఆయన కనిపిస్తే మా పిల్లవాడు చానల్ మార్చబోయాడు. మా అన్న లేచి వాడి చేతిలోంచి రిమోట్ తీసుకున్నాడు. ఏమీ అనలేదు. ఆ దృశ్యం అయిపోయేదాకా నిలబడే చూశాడు. కనుబొమ్మ మీద ఆ గీత ఇంకా ఉంది.

నాలుగు వందలకు పైగా సినిమాలు చేసిన మనిషి హైదరాబాదులో అద్దె ఇంట్లో ముసలితనం గడిపారు. రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. తన జీవితకథ తానే రాసుకుని 'అనగనగా ఒక రాకుమారుడు' అని పేరు పెట్టుకున్నారు. అన్నీ పోయాక కూడా తనను తాను రాకుమారుడనే పిలుచుకున్నారు. ఎంత ధైర్యం కావాలి దానికి. చివరికి క్యాన్సర్ పట్టుకుంది. 2009 మార్చి 22న కన్నుమూశారు. 85 ఏళ్లు.

ఎదుటి కత్తి అంతకు పదకొండేళ్ల ముందే రాలిపోయింది. మధుమేహంతో కాలు పోగొట్టుకుని, ఉన్నదంతా పోయి, రాజనాల 1998లో చనిపోయారు. తెర మీద ఒకరు గెలిచేవారు, ఒకరు ఓడేవారు. తెర బయట ఇద్దరికీ ఒకే ముగింపు.

మా నల్లగొండ నుంచే మద్రాసు వెళ్లిన మరో నటుడు, తుంగతుర్తి డాక్టరు ఎం. ప్రభాకర్ రెడ్డి, సినిమా కార్మికులకు సొంత ఇల్లు ఉండాలని తన భూమి ఇచ్చారు. హైదరాబాదు చిత్రపురి కాలనీకి ఆయన పేరే ఉంది. ఒకే జిల్లా మనుషులు, ఇద్దరి భూములూ సినిమాకే పోయాయి. ఒకరి భూమి మీద ఇళ్లు లేచాయి. ఇంకొకరి భూమి రీళ్లయింది.

2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో సినిమా అవార్డులు మొదలుపెట్టి, అందులో ఒకదానికి కాంతారావు పేరు పెట్టింది. మొదటిసారి అది విజయ్ దేవరకొండకు దక్కింది. ఆయన మూలాలు పాలమూరువి, అచ్చంపేట వైపు. నల్లగొండ రాకుమారుడి పేరు పాలమూరు కుర్రవాడి చేతికి వచ్చిందని విన్నప్పుడు మా నాయిన ఉంటే బాగుండుననిపించింది.

పేరు నిలబెట్టినవారికి ఒక్క మనవి. ఆయన నేల అమ్మి తీసిన ఆ ఐదు సినిమాల ప్రతులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికించండి. పాత డబ్బాల్లో, మూతపడ్డ టాకీసుల గదుల్లో, డిస్ట్రిబ్యూటర్ల ఇళ్ల అటకల మీద ఏ రీళ్లు మిగిలి ఉన్నా తెప్పించి బాగు చేయించండి. బాగైన సినిమాను మొదట కోదాడలో, టికెట్టు లేకుండా ఆడించండి. కుర్చీలు వేయకపోయినా ఫరవాలేదు, ఇసుక పోస్తే చాలు. మా అన్ననూ వెంటబెట్టుకుని వస్తాను.