అప్‌డేటు విడిచిన ఫైళ్లు

పాత ఇంటికి మరమ్మతు చేయించిన పిదప అటక మీద కొన్ని వస్తువులు మిగిలిపోవుట సామాన్యము. వానిలో కొన్ని మేస్త్రి మరచిపోయినవి. మరికొన్ని ముందు ముందు అక్కరకు వచ్చునని అతడు తెలిసియే ఉంచినవి. ఏది ఏ జాతిదో ఇంటి యజమానికి తెలియదు. కంప్యూటరు విషయమునను ఇట్లే జరుగుచున్నది. యంత్రమును నడిపించు మూల వ్యవస్థకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. దానిని తయారు చేసినవారు లోపములు దిద్ది పంపు మార్పులే అప్‌డేట్లు. అప్‌డేటు ముగిసిన మరునాడు డిస్కులో మునుపెన్నడును చూడని ఫోల్డరు కనిపించును. దానిని ఉంచవలెనా, తీసివేయవలెనా? ఈ ప్రశ్నకు ముప్పది ఏండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో తొందరపడి నష్టపోయినవారు వాడుకరులు మాత్రమే కారు.

పాతదానిని దాచుట

కొత్త వ్యవస్థను ఎక్కించుచుండగా విద్యుత్తు పోవచ్చును. ఎక్కించిన పిదప ఏదేని పరికరము దానితో పొసగక పోవచ్చును. అట్టి సమయమున వెనుకకు మరలుటకు దారి కావలెను. 1991లో వెలువడిన ఎంఎస్-డాస్ 5 పాత డాస్ ఫైళ్లను "ఓల్డ్ డాస్" అను పేరుతో ఒక చోట దాచెడిది. కొత్తది సరిగా పనిచేయుచున్నదని నమ్మకము కుదిరినచో వాడుకరి "డెల్ ఓల్డ్ డాస్" అను ఆజ్ఞ ఇచ్చెడివాడు. ఆ ప్రోగ్రాము పాత ఫైళ్లను తొలగించి, చివరకు తన్ను తానే తొలగించుకొనెడిది.

2007లో జనసామాన్యమునకు అందిన విండోస్ విస్టా నుండి ఈ పనిని "విండోస్ డాట్ ఓల్డ్" అను ఫోల్డరు చేయుచున్నది. ఇది అనేక గిగాబైట్ల స్థలమును ఆక్రమించును గనుక చూచినవారికి బరువుగా తోచును. 2015లో విండోస్ 10 వచ్చినపుడు పాత వ్యవస్థకు మరలుటకు 30 దినముల గడువుండెను. 2016లో దానిని 10 దినములకు తగ్గించిరి. ఆ గడువు లోపల ఈ ఫోల్డరును తీసివేసినచో వెనుకకు పోవు దారి మూసికొనిపోవును.

ఖాళీగా ఉండుటయే పని

యూనిక్స్ వ్యవస్థలలో "లాస్ట్ ప్లస్ ఫౌండ్" అను డైరెక్టరీ కలదు. సాధారణముగా దానిలో ఏమియు నుండదు. యంత్రము అకస్మాత్తుగా ఆగిపోయినపుడు కొన్ని ఫైళ్లలోని విషయము డిస్కు మీద నిలిచియుండియు, వాని పేరు ఏ డైరెక్టరీలోను లేకుండ పోవును. డిస్కును పరీక్షించు "ఎఫ్ఎస్‌సికె" అను ప్రోగ్రాము అట్టి దిక్కులేని ఫైళ్లను తెచ్చి, వానికి సంఖ్యలే పేర్లుగా పెట్టి, ఈ డైరెక్టరీలో చేర్చును. దీనిని ముందుగానే ఏల సిద్ధపరచవలెను? దెబ్బతిన్న డిస్కు మీద కొత్త స్థలమును కేటాయించుట ప్రమాదకరము. ఆ స్థలములో ఇంకను దక్కించుకొనవలసిన విషయముండవచ్చును. కావున ఖాళీగా నుండుట వ్యర్థతకు గుర్తు కాదని ఈ డైరెక్టరీ చాటుచున్నది.

ఎలుగుబంటి బొమ్మ

2001లో ఒక ఈ-మెయిలు దేశదేశములకు వ్యాపించెను. "సల్ఫ్‌ఎన్‌బికె" అను ఫైలు మీ కంప్యూటరులో నున్నదేమో వెదకుడు. ఉన్నచో అది వైరస్. వెంటనే తొలగించి మీ మిత్రులందరికిని తెలుపుడు అని దాని సారాంశము. వెదకినవారికి ఫైలు దొరకెను. దొరకక ఏమగును? అది విండోస్ 98తో పాటు వచ్చినదే. పొడవైన ఫైలు పేర్లను భద్రపరచి మరల నెలకొల్పు చిన్న సాధనము. అది ఉండుటయే నేరమునకు సాక్ష్యమని జనులు భ్రమించిరి.

2002లో మరియొక ఫైలుకు ఇదే గతి పట్టెను. జావా ప్రోగ్రాములలో తప్పులు వెదకువారికి ఉపకరించు "జెడిబిజిఎంజిఆర్" అను ఫైలుకు చిహ్నముగా బూడిదరంగు టెడ్డీ ఎలుగుబంటి బొమ్మ ఉండెను. వ్యవస్థకు చెందిన ఫైలుకు ఆటబొమ్మ ఏల యని అనుమానించినవారు నకిలీ హెచ్చరికను సులభముగా నమ్మిరి. అదృష్టవశమున ఈ రెండు ఫైళ్లును నిత్యము అవసరమైనవి కావు గనుక నష్టము స్వల్పముగా నుండెను. ఇచట వైరస్ యంత్రములో లేదు; హెచ్చరికయే మనిషి నుండి మనిషికి ప్రాకి వైరస్ పని చేసెను.

తయారీదారుల తొందరపాటు

మిగిలిన ఫోల్డర్లను గూర్చి పొరపడినవారిలో నిపుణులును గలరు. విండోస్‌లో వాడుకరి తన "డాక్యుమెంట్స్" ఫోల్డరును ఒక డిస్కు నుండి మరియొక దానికి మార్చుకొనవచ్చును. అట్లు మార్చినపుడు పాత చోట అదే పేరుగల ఫోల్డరు మిగిలిపోయెడిది. ఒకే పేరుతో రెండేసి ఫోల్డర్లు ఉన్నవని వాడుకరులు ఫిర్యాదు చేయగా, మైక్రోసాఫ్ట్ సంస్థ 2018 అక్టోబరు 2న విడుదల చేసిన అప్‌డేటులో ఈ ఖాళీ నకళ్లను తొలగించు ఏర్పాటు చేసెను. అయితే కొందరి పాత ఫోల్డర్లు ఖాళీగా లేవు. వానిలోని పత్రములు, ఛాయాచిత్రములు ఫోల్డరుతో పాటు పోయెను. నాలుగు దినములలో ఆ అప్‌డేటును నిలిపివేసి, దోషమును దిద్ది, నవంబరు 13న మరల విడుదల చేసిరి. ఇట్టి ఫిర్యాదులు పదివేల యంత్రములకు ఒకటి చొప్పున మాత్రమే వచ్చినవని సంస్థ తెలిపెను. లెక్కకు అది స్వల్పమే. పోగొట్టుకొన్నవారికి మాత్రము సర్వస్వము.

చెప్పక పెట్టిన ఫోల్డరు

2025 ఏప్రిల్ 8న వచ్చిన విండోస్ అప్‌డేటు పిదప అనేకుల డిస్కులలో "ఐనెట్‌పబ్" అను ఖాళీ ఫోల్డరు వెలసెను. సాధారణముగా ఇది వెబ్ సర్వరు నడుపు యంత్రములలో నుండునది. ఆ పని ఎరుగని ఇండ్లలోని యంత్రములలో ఇది కనిపించుటచే, పొరపాటున మిగిలినదని తలచి కొందరు తొలగించిరి. అప్పుడు సంస్థ వివరణ ఇచ్చెను: ఇది ఒక భద్రతా లోపమునకు చేసిన చికిత్సలో భాగము, దీనిని తొలగించరాదు.

ఆ లోపము లింకులకు సంబంధించినది. లింకు అనగా దారి చూపు పలక వంటిది. దుర్బుద్ధి గలవాడు పలకను త్రిప్పి పెట్టినచో, అధికారము గల ప్రోగ్రాము దానిని నమ్మి చేరరాని చోటికి పోవును. అదే నెలలో ఒక పరిశోధకుడు, "ఐనెట్‌పబ్" పేరుతో తప్పుదారి లింకును పెట్టి అటుపై వచ్చు అప్‌డేట్లను విఫలము చేయవచ్చునని చూపెను. జూన్ నెలలో సంస్థ ఆ ఫోల్డరు అనుమతులను సరిదిద్దు స్క్రిప్టును విడుదల చేసెను.

వాడుకరులు తొందరపడిరనుట నిజమే. కాని పెట్టినవారు ముందుగా ఒక్క మాట చెప్పియుండినచో ఈ కలవరము పుట్టెడిది కాదు. 2019లో ఆపిల్ సంస్థ వారి మాక్‌ఓఎస్ కెటలీనా, తాను చోటు మార్చిన ఫైళ్లను "రీలొకేటెడ్ ఐటమ్స్" అను ఫోల్డరులో నుంచి, కారణమును తెలుపు పత్రమును కూడ దానిలో జతపరచెను. లినక్స్‌లో ఆర్‌పిఎమ్ పద్ధతి ననుసరించు యంత్రములలో, వాడుకరి దిద్దుకొన్న అమరికల ఫైలును కదలింపక, కొత్తదానిని ప్రక్కన "ఆర్‌పిఎమ్ న్యూ" అను తోకపేరుతో ఉంచుదురు. పాతదానిని ప్రక్కకు తీసినచో "ఆర్‌పిఎమ్ సేవ్" అందురు. పేరే వివరణము.

పరీక్షించు క్రమము

తెలియని ఫైలు కనిపించినపుడు మొదట అది పుట్టిన తేదీని చూడవలెను. అప్‌డేటు జరిగిన దినముతో సరిపోయినచో సగము సంశయము తీరును. తరువాత దాని యజమాని ఎవరో చూడవలెను. "సిస్టమ్" అని యున్నచో చేయి పెట్టరాదు. తయారీదారుల ప్రకటనలో దాని పేరున్నదేమో వెదకవలెను. మిత్రుడు పంపిన హెచ్చరిక ప్రమాణము కాదు. స్థలము చాలనిచో వ్యవస్థలోనే యున్న "స్టోరేజి" అమరికల ద్వారా తొలగించుట క్షేమము. అన్నిటికంటె ముందు, అప్‌డేటుకు పూర్వమే, స్వంత పత్రములకు మరియొక డిస్కులో నకలు తీసికొనవలెను. 2018లో అట్టి నకలు ఉన్నవారు తమ పత్రములను మరల తెచ్చుకొనగలిగిరి.

పాఠశాల ప్రయోగశాలలో పేరు చీటీ లేని సీసా కనిపించినచో ఉపాధ్యాయుడు దానిని పారబోయడు, రుచి చూడడు. దానిలో నున్నదేమో, ఎవరు ఉంచిరో మొదట విచారించును. కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి నేర్చుకొనవలసినదియు అదియే.