ప్రభుత్వోద్యోగి మొర

కొలువిచ్చిన యజమానియు, ఆ కొలువునకు కట్టుబాట్లు విధించిన శాసనకర్తయు, ఆ కట్టుబాటు అన్యాయమని మొరపెట్టినప్పుడు తీర్పు చెప్పు న్యాయాధికారియు ఒక్కరే యైనచో మొరపెట్టువాని గతి యెట్లుండునో భారతదేశపు ప్రభుత్వోద్యోగుల చరిత్ర విశదముగా చూపుచున్నది. ఆంగ్లేయుల పాలనలో ఉద్యోగి దొరతనమువారి యిష్టమున్నంతవరకే కొలువున నుండెడివాడు. తనయెడ పక్షపాతము జరిగినదని తలచినవాడు మెమోరియల్ అను విన్నపము వ్రాసి, దానిని 'త్రూ ప్రాపర్ ఛానల్' పైకి పంపుకొనవలెను. అన్యాయము చేసిన అధికారి చేతిమీదుగానే అది కదలవలెను. మెట్టుమెట్టున ఆగుచు, ప్రతి మెట్టునను ఒక యధికారి వ్యాఖ్యను చేర్చుకొనుచు, అది గవర్నరు నొద్దకో, లండనులోని ఇండియా మంత్రి యొద్దకో చేరెడిది. ఐ.సి.యస్.లో ప్రవేశించిన తొలి భారతీయులలో నొకడైన సురేంద్రనాథ్ బెనర్జీ 1874లో కొలువునుండి తొలగింపబడి, స్వయముగా లండనునకు పోయి మొరపెట్టుకొనియు రిక్తహస్తములతో మరలివచ్చెను. తాను భారతీయుడగుటచేతనే యింతటి శిక్ష పడినదని ఆయన విశ్వాసము. ఆ మొర విఫలమగుటచే దేశమునకొక నాయకుడు లభించెను గాని, అట్టి వాక్పటిమయు, విద్యయు లేని గుమాస్తాల విన్నపములు ఎన్ని దఫ్తరములలో చెదలుపట్టిపోయెనో చెప్పువారు లేరు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ స్థితిని మార్చెను. ప్రభుత్వోద్యోగములలో మతము, కులము, లింగము, జన్మస్థలము మున్నగువానినిబట్టి వివక్ష కూడదని 16వ అధికరణము శాసించినది. ప్రాథమిక హక్కునకు భంగము కలిగినవారు నేరుగా సుప్రీంకోర్టునకు పోవచ్చునని 32వ అధికరణము చెప్పినది. 'ఇష్టమున్నంతవరకు' అను పాత సిద్ధాంతము 310వ అధికరణమున నిలిచియే యున్నను, విచారణ లేక తొలగింపరాదను 311వ అధికరణపు రక్షణ దానికి చేర్పబడెను. ఇట్టి హక్కులు రాజ్యాంగమున వెలయుచుండగనే, ఢిల్లీ సచివాలయమున స్త్రీల విషయమై వేరు నియమములు వ్రాయబడుచుండెను.

కొడగు సీమలోని విరాజ్‌పేటలో 1924లో జన్మించిన చోణిర బెళ్ళియప్ప ముత్తమ్మగారు తొమ్మిదేండ్ల ప్రాయముననే తండ్రిని కోల్పోయిరి. తల్లి పూనికచే చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. పట్టము పొంది, 1948లో సివిల్ సర్వీసుల పరీక్ష నెగ్గిన తొలి మహిళ యైరి. ఇంటర్వ్యూ చేసిన పెద్దలు విదేశాంగ సర్వీసు స్త్రీలకు తగదని నచ్చజెప్పజూచిరి. ఆమె తన కోరికను మార్చుకొనలేదు. 1949లో ఆ సర్వీసున చేరునాడు, వివాహమాడినచో రాజీనామా చేయుదునను హామీపత్రముపై ఆమెచేత సంతకము చేయించుకొనిరి. పురుషుని కట్టి పత్రము లేదు. ఆమె అవివాహితగనే యుండి ముప్పదేండ్లకు పైగా కొలువుచేసిరి.

1961లో ఈ కట్టుబాటునకు నియమరూపము కల్పింపబడెను. ఆ నియమావళిలోని ఎనిమిదవ నియమమును చదివిన వారికి, రాజ్యాంగము పుట్టిన పదునొకండేండ్లకు ఇది యెట్లు వ్రాయబడినదా యని విస్మయము కలుగక మానదు. ఆ సర్వీసులోని స్త్రీ వివాహమునకు ముందు ప్రభుత్వమునుండి వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను. పొంది వివాహమాడిన పిదప, సంసారబాధ్యతలు విధి నిర్వహణమునకు అడ్డువచ్చునని ప్రభుత్వమునకు తోచినచో, ఏనాడైనను రాజీనామా చేయుమని ఆజ్ఞాపింపవచ్చును. నియామకములకు సంబంధించిన వేరొక నియమము, వివాహిత యైన స్త్రీకి ఈ సర్వీసున ప్రవేశము హక్కుగా లభింపదని స్పష్టముగా పలికెను. ఇట్టి కట్టుబాటు వట్టి కాగితముపై నుండునది కాదు. ఆ సర్వీసున ప్రవేశించిన తొలి మహిళలలో నొకరైన రమా మెహతా, సహోద్యోగి జగత్ మెహతాను పెండ్లాడి కొలువు విడువవలసివచ్చెను. భర్త 1976లో విదేశాంగ కార్యదర్శి పదవి నలంకరించెను. ఆమె నవలారచనకు పూనుకొని, మరణానంతరము 1979లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందెను. ఆ ప్రతిభ సాహిత్యమునకు దక్కినందుకు సంతోషింపవలసినదే. అయినను, ఒకే సర్వీసులోని ఇరువురు ఒకే వివాహము చేసికొనగా, దాని మూల్యమును ఒక్కరే చెల్లింపవలసివచ్చినదను విషయము మరువరానిది.

ముత్తమ్మగారు 1970లో హంగరీకి రాయబారిగా నియమితులై, తదుపరి ఘనాలోను పనిచేసిరి. కాని అత్యున్నత శ్రేణికి పదోన్నతి వచ్చు వేళ, ఆమెను యోగ్యురాలు కాదని పక్కనబెట్టి, ఆమెకంటె జూనియర్లను పైకి పంపిరి. మూడు దశాబ్దములు కొలిచిన ప్రభుత్వముపై వ్యాజ్యమునకు దిగుట ఆ తరమువారికి సామాన్యమైన సాహసము కాదు. తోడివారి మౌనమును, పైవారి యప్రసన్నతను ప్రతిదినమును భరింపవలసియుండును. ఆమె 32వ అధికరణము క్రింద సుప్రీంకోర్టు నాశ్రయించి, తనకు పదోన్నతి లేకపోవుటయేగాక, స్త్రీలయెడ ఆ మంత్రిత్వశాఖ చిరకాలముగా సాగించిన వివక్షను, పై నియమములను కూడ ప్రశ్నించిరి.

అటుపిమ్మట జరిగినది గమనింపదగియున్నది. పిటిషను విచారణకు రాకమునుపే, కొలది నెలల క్రితము అయోగ్యురాలని త్రోసివేసిన యధికారియందు ప్రభుత్వమువారికి యోగ్యత కానవచ్చెను. ఆమెకు పదోన్నతి నిచ్చి, హేగు నగరమునకు రాయబారిగా నియమించిరి. వివాహానుమతి నియమము రద్దయ్యెననియు, రెండవది రద్దగుచున్నదనియు, గెజిటు ప్రకటన త్వరలోనే వెలువడుననియు ప్రభుత్వ పక్షమున సొలిసిటర్ జనరల్ సోలీ సొరాబ్జీ కోర్టునకు విన్నవించిరి. ఇక తీర్పు చెప్పవలసిన దేమియు మిగులలేదని భావించుట న్యాయస్థానమునకు సులభమే. కాని 1979 సెప్టెంబరు 17న జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ పి.ఎన్. సింఘాల్‌ల ధర్మాసనము పిటిషనును కొట్టివేయుచునే, ఆ నియమములను తీర్పున యథాతథముగా నెత్తి చూపి, సంసారబాధ్యతలు స్త్రీకి అడ్డమైనచో పురుషునకు మాత్రము కావా యని నిలదీసి, సర్వీసు నియమములన్నింటినుండియు లింగవివక్షయనెడి మరకను తొలగింపుమని ప్రభుత్వమునకు హితవు చెప్పెను. ఆమె సీనియారిటీని మరల పరిశీలింపవలెననియు ఆదేశించెను. అన్ని వృత్తులలోను స్త్రీపురుషులు సమానులని తాము సిద్ధాంతము చేయుట లేదని ఆ తీర్పున ఒక మినహాయింపు కూడ కలదు. ఆ వాక్యము లేకున్న తీర్పు ఇంకను బలమై యుండెడిదని నా యభిప్రాయము. అయినను, ఒక వ్యక్తికి రహస్యముగా న్యాయము చేసి సమస్యను మూసివేయదలచిన ప్రభుత్వపు యత్నమును ఆ తీర్పు సాగనీయలేదు. పదోన్నతి ముత్తమ్మగారి కొక్కరికే చెందినది. తీర్పు ఆ వెనుక వచ్చిన ప్రతి యుద్యోగినికి నాధారమయ్యెను. ఆమె 1982లో విరమించి, 2009లో బెంగుళూరులో దివంగతులైరి.

ముత్తమ్మగారి వలె రాజధానికి పోజాలని సామాన్యోద్యోగి మొర యెవరు వినవలెనను ప్రశ్నకు తెలుగునాట నొక ప్రయోగము జరిగెను. ప్రాంతీయోద్యమముల యనంతరము 1973లో చేయబడిన 32వ రాజ్యాంగ సవరణము 371-డి అధికరణమును కల్పించి, ఉద్యోగుల వివాదములకు హైదరాబాదున ప్రత్యేక ట్రిబ్యునలు నేర్పరచుటకు వీలుచేసెను. ఆ యధికరణమునందే, ట్రిబ్యునలు తీర్పు అమలులోనికి రాకమునుపు రాష్ట్రప్రభుత్వము దానిని సవరింపను, రద్దుచేయను వచ్చునని వ్రాయబడియుండెను. ప్రతివాదియే తనపై వచ్చిన తీర్పును కొట్టివేయుట యనగా, పాత మెమోరియల్ పద్ధతియే న్యాయస్థానపు వేషమున మరలివచ్చుట. పి. సాంబమూర్తి వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో ఆ నిబంధనను చెల్లదనెను. ట్రిబ్యునలు పేరిట హైకోర్టు పరిశీలనాధికారమును తొలగింపరాదని మన హైకోర్టు సకినాల హరినాథ్ వ్యాజ్యమున 1993లో చెప్పిన మాటను, 1997 మార్చిలో ఎల్. చంద్రకుమార్ వ్యాజ్యమున ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము కూడ అంగీకరించెను.

రాష్ట్ర విభజనానంతరము ఉభయ తెలుగు రాష్ట్రములలోను ఆ ట్రిబ్యునలు రద్దయ్యెను. రాష్ట్రోద్యోగి శాఖాపరమైన అప్పీలు ముగిసిన పిమ్మట ఇప్పుడు హైకోర్టునకే పోవుచున్నాడు. కేంద్రోద్యోగి మాత్రము మొదట కేంద్ర పరిపాలనా ట్రిబ్యునలునకును, ఆపై హైకోర్టు ద్విసభ్య ధర్మాసనమునకును, తుదకు సుప్రీంకోర్టునకును ఎక్కవలసియున్నాడు; ముత్తమ్మగారు ఒక్క యడుగున చేరిన వాకిటికి నేడు ఆ మూడు మెట్లు ఎక్కులోపల, పదోన్నతి కోరినవారు పదవీవిరమణ వయసునకు వచ్చుచున్నారు.