ఇనుప మూకుడులోని గోరింటాకు

గోరింటాకు అనగానే మనకు మొదట స్ఫురించునవి చేతులు. ఆషాఢమాసమున ఆడపిల్లల అరచేతులు, అట్లతద్దికి ముందునాటి రాత్రి పండిన వ్రేళ్ల కొనలు, పెండ్లికూతురి పాదములు, వీనిని గూర్చిన పాటలును ముచ్చటలును మనకు కావలసినన్ని కలవు. కాని అదే ఆకు మన తలలకు చేయు సేవను గూర్చి చెప్పుకొనువారు అరుదు. నెరసిన జుట్టునకు రంగు వేసికొనుట ప్రతి ఇంటను కొంత చాటున జరుగు పని. అందుచే దాని చరిత్రయు చాటుననే ఉండిపోయినది. ఈ ప్రసంగమున మేము ఆ చరిత్రను కొంచెము వెలుగులోనికి తేదలచినాము.

కొన్ని సీమలలో గోరింటాకు అనియు, తెలంగాణమున మైదాకు అనియు పిలుతురు గాని, తలకు పెట్టుకొను పద్ధతి మన ఇండ్లలో చాలవరకు ఒక్కటే. ఎండిన ఆకుపొడిని టీ డికాషనులో కలిపి, అందు ఉసిరికపొడి వేసి, ఒక నిమ్మచెక్క పిండి, ఇనుప మూకుడులో రాత్రియంతయు నాననిత్తురు. తెల్లవారునప్పటికి ముద్ద అంచులు నల్లబడి యుండును. దానిని పాయలు తీసి తలకు పట్టించి, రెండు మూడు గంటలు ఉంచి కడిగివేయుదురు. స్టీలు గిన్నె ఉండగా ఇనుప మూకుడే ఏల? ఉసిరిక ఏల? అని అడిగినచో, "మా అమ్మ అట్లే చేసెడిది" అను సమాధానమే తరచుగా వచ్చును. ఆ సమాధానము వెనుక ఒక చరిత్ర కాదు, రెండు చరిత్రలు కలవు. ఒకటి ఆకు చరిత్ర, రెండవది ఇనుము చరిత్ర.

ముందుగా ఆకును గూర్చి చెప్పుకొందము. 1753వ సంవత్సరమున స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఈ మొక్కకు లాసోనియా ఇనర్మిస్ అని పేరిడెను. ఆ పేరునుండియే దీని యందలి రంగుపదార్థమునకు లాసోన్ అను పేరు వచ్చినది. ఎండిన ఆకులో ఇది సుమారు నూటికి ఒక పాలు మాత్రమే ఉండును. పచ్చని ఆకులో ఇది విడిగా నుండదు; వేరొక రూపమున బంధింపబడి యుండును. ఆకును నలిపి, తడిపి, కొంత పులుపు చేర్చి నిలువయుంచినపుడు మెల్లగా వెలువడును. చేతికి పెట్టుకొను గోరింటాకు రుబ్బునపుడు పెద్దలు చింతపండు చేర్చుట ఇందులకే. వెలువడిన లాసోన్ గోళ్లలోను, చర్మపు పైపొరలోను, వెంట్రుకలలోను ఉండు కెరటిన్ అను మాంసకృత్తును గట్టిగా పట్టుకొనును. గోరును అంటునది కనుక గోరంట అయినదని మన పెద్దలు చెప్పెడి మాట ఈ రసాయన చర్యకు మిక్కిలి దగ్గరగా నున్నది.

ఈ ఆకును తలకు రాచుకొనుటను గూర్చిన పాత వ్రాతలు పశ్చిమ దిక్కున కనబడుచున్నవి. క్రీస్తుశకము 1వ శతాబ్దమున గ్రీకు వైద్యుడు డయోస్కోరిడిస్ తన ఓషధి గ్రంథమున, ఈ ఆకులను ఒక నురుగు వచ్చు మొక్క రసమున నానబెట్టి రాచినచో జుట్టునకు బంగారువన్నె రంగు వచ్చునని వ్రాసెను. ఆ నురుగు మొక్క మన కుంకుడుకాయ వంటి పని చేయునది. జిడ్డు పోయిన జుట్టునకే రంగు బాగుగా పట్టునని నాటివారికి తెలిసియుండెనని దీనివలన గ్రహింపవచ్చును. అదే శతాబ్దపు రోమను రచయిత ప్లినీ, నైలునది తీరమున కనోపసు పట్టణము వద్ద పెరుగునది మేలైనదనియు, దాని తరువాత అస్కలాను, ఆ తరువాత సైప్రసు ద్వీపము అనియు తరగతులు చెప్పెను. తరగతులు చెప్పుట అంగడి సరకునకే గదా. అప్పటికే గోరింట దేశములు దాటి అమ్ముడుపోవు వస్తువైనదన్న మాట.

అరబ్బుల నాట దీని గౌరవము మరింత పెరిగెను. నెరసిన జుట్టు రంగు మార్చుటకు హెన్నాయు, కతమ్ అను మరియొక మొక్కయు మేలైనవని మహమ్మదు ప్రవక్త చెప్పినట్లు హదీసులు తెలుపుచున్నవి. అందుచే ఇస్లాము వ్యాపించిన దేశములలో గోరింటాకు గడ్డమునకును తలకును రంగు వేయు పద్ధతి స్త్రీలకే కాక పురుషులకును అలవాటైనది. యునానీ వైద్యులు కేశవర్ణమును ఖిజాబ్ అను పేర వైద్యమునందే ఒక భాగముగా ఎంచిరి. 1037లో మరణించిన ఇబ్న్ సినా తన మహాగ్రంథమున జుట్టును గూర్చి ప్రత్యేకముగా వ్రాసినాడు. పారశీక దేశమున గోరింటాకు వేసి కడిగిన పిమ్మట నీలి ఆకుపొడి పట్టించి జుట్టును నల్లబరచు రెండంచెల పద్ధతి స్థిరపడెను. ఎరుపు మీద నీలము పడగా నలుపు వచ్చుట అందలి కిటుకు.

అరబ్బులతో పాటు ఈ ఆకు స్పెయిను దేశము చేరెను. అచట దానికి ఒక విషాదఘట్టము కలదు. 1492లో గ్రెనడా రాజ్యము పడిపోయిన తరువాత, అచటి ముస్లిములను బలవంతముగా క్రైస్తవులను చేసిరి. వీరికి మొరిస్కోలని పేరు. 1567 జనవరి 1వ తేదీన ప్రకటితమైన రాజశాసనము వీరి అరబ్బీ భాషను, వేషమును, స్నానశాలలను నిషేధించెను. ఆ నిషేధములలో స్త్రీల గోరింటాకు కూడ చేరెను. అప్పుడు ఫ్రాన్సిస్కో నున్యెజ్ ములే అను వృద్ధుడు ప్రభుత్వమునకు ఒక విన్నపము చేసికొనెను. అందాతడు, గోరింటాకు మతకర్మ కాదనియు, తలను శుభ్రపరచుకొనుటకు వాడు అలవాటనియు, మురికిని పోగొట్టి ఆరోగ్యమిచ్చు వస్తువనియు వాదించెను. ఆ వాదము చెవిటివాని ముందు శంఖమైనది. 1568 చివర తిరుగుబాటు చెలరేగెను. 1609 మొదలు ఆ ప్రజలను దేశమునుండియే వెడలగొట్టిరి. ఇంటిలోని ఒక గిన్నెడు ఆకుముద్దను నేరముగా నెంచిన ప్రభుత్వము, చివరకు ఆ ఇంటివారినే నేరస్థులుగా నెంచినది. వస్తువు చిన్నదే కాని, అది తల్లి చేతినుండి కూతురి చేతికి వచ్చిన అలవాటు. అట్టిదానిని తీసివేయుట ఎంత పెద్ద పనియో ఈ ఘట్టము తెలుపుచున్నది.

ఇక రెండవ చరిత్ర మన దేశమునది. సంస్కృత నిఘంటువులలోని మదయంతిక అను పేరును గోరింటకు అన్వయించువారు కలరు. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థకు చెందిన పండితుడు పి.కె. గోడే మన దేశపు గోరింటాకు చరిత్రకు ఆధారములు కూర్చి ప్రత్యేక వ్యాసము వ్రాసెను. కాని మన ప్రాచీన కేశవర్ణములలో పేరెన్నిక గన్న ఒక విధానమున గోరింటాకు ప్రసక్తియే లేదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధద్రవ్యముల అధ్యాయమును కేశవర్ణముతోనే ఆరంభించెను. తల నెరసినవానికి పూలును, గంధమును, మంచి బట్టలును, నగలును శోభింపవు గనుక కాటుకను నగలను వలెనే కేశవర్ణమును కూడ సేవింపవలెనని ఆయన అభిప్రాయము.

ఆయన చెప్పిన విధానమిది. అరికెల బియ్యమును ఇనుప పాత్రలో, ఇనుప పొడితో కూడ, పులిసిన ద్రవమున ఉడికింపవలెను. దానిని మెత్తగా నూరి తలకు పట్టించి, తడి ఆకులు చుట్టవలెను. రెండు జాములు, అనగా ఆరు గంటలు, గడచిన పిదప దానిని తీసివేసి ఉసిరిక ముద్ద పట్టించి మరల ఆకులు చుట్టవలెను. ఇంకను రెండు జాములు గడచిన తరువాత కడిగినచో జుట్టు నల్లబడును. ఇనుప పాత్ర, పులుపు, ఉసిరిక, ఈ మూడును మన మూకుడు పద్ధతిలో నేటికిని నిలిచియే యున్నవి.

1890లో మధ్య ఆసియాలోని కూచా ప్రాంతమున హామిల్టన్ బౌవర్ అను సైనికోద్యోగికి దొరికిన ప్రాచీన భారతీయ వైద్యగ్రంథపు ప్రతిలో కూడ కేశవర్ణములు కలవు. ఇంత దూరము ప్రయాణించిన గ్రంథమున జుట్టు రంగునకు చోటు దక్కినదన్నచో, నాటివారికి నెరసిన తల ఎంతటి విచారము కలిగించెడిదో ఊహింపవచ్చును.

ఇనుమునకును ఉసిరికకును గల సంబంధమేమి? ఉసిరిక, కరక్కాయ, తేయాకు, వీని వగరునకు కారణము టానిన్ అను పదార్థము. పులుపు ఇనుమును కొద్దిగా కరగించును. ఆ ఇనుము టానిన్‌తో కలసినపుడు నల్లని రంగు పుట్టును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను కరక్కాయ రసమున ముంచి ఆరవేసి, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో చాలదినములు నానవేసి తీసిన ద్రవముతో దానిపై గీతలు గీయుదురు. గీచిన చోట అప్పటికప్పుడు నల్లబడును. పూర్వము కరక్కాయతో సిరా చేసినదియు ఈ సూత్రము మీదనే. కలంకారీవాని నల్లగీత, లేఖకుని సిరా, ఇల్లాలి మూకుడు అంచున తేలిన నలుపు, ఈ మూడును ఒక్క తల్లి బిడ్డలు.

ఈ రెండు చరిత్రలును కలసికొనుటకు మన దక్కను అనువైన నేల. 1591లో హైదరాబాదు నగరమును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా అచట దారుష్షిఫా అను యునానీ వైద్యశాలను కూడ కట్టించెను. పారశీక భాషయు, యునానీ వైద్యమును ఒకవైపు, ఆయుర్వేదమును, ఇంటి వైద్యమును మరియొకవైపు శతాబ్దముల తరబడి ఒకే వీధిలో మసలినవి. ఉత్తరాదిని మొఘలుల కాలమునను ఇట్లే జరిగెను. పశ్చిమపు ఆకు, స్వదేశపు ఇనుమును ఉసిరికయు ఒక్క మూకుడులో చేరినవి. ఆకు ఎరుపునిచ్చును, ఇనుమును వగరును ఆ ఎరుపును ముదురుగోధుమవన్నెకు దింపును. మనము మన ఇంటి పద్ధతియని చెప్పుకొనునది ఇట్లు ఇరుగుపొరుగుల ఉమ్మడి సొత్తు.

19వ శతాబ్దమున ఈ కథ మలుపు తిరిగెను. 1863లో జర్మను రసాయనజ్ఞుడు హాఫ్‌మన్ పారాఫెనిలీన్ డయామీన్ అను పదార్థమును కనుగొనెను. 1883లో దానిని కేశవర్ణముగా వాడుటకు పారిస్ నగరమున పేటెంటు పుట్టినది. 1909లో యూజీన్ షుయెల్లర్ జుట్టు రంగుల సంస్థను స్థాపించెను. అదియే తరువాత లోరియాల్ అయినది. ఈ రసాయనము కొద్దిసేపటిలోనే జుట్టును నల్లబరచును. రాత్రియంతయు నానబెట్టవలసిన పని తప్పినది. కాని కొందరి శరీరమునకు అది బొత్తిగా సరిపడదు. దురద, పొక్కులు, ముఖము వాచుట మొదలగు బాధలు కలుగును; ఒకసారి సరిపడకపోయినచో మరల వాడినపుడు బాధ మరింత హెచ్చును.

రసాయనమును రసాయనమని చెప్పి అమ్మినపుడు కొనువారు తమ మంచిచెడ్డలు తాము చూచుకొందురు. చిక్కంతయు దానిని ఆకు పేరుతో అమ్ముటలో నున్నది. నల్ల హెన్నా, కాలీ మెహందీ అను పేర్లతో వచ్చు పొట్లములు అనేకములలో ఈ రసాయనము కలసియుండును. పొట్లము మీద పచ్చని ఆకు బొమ్మ పెద్దదిగా నుండును, పి.పి.డి. అను అక్షరములు చిన్నవిగా నుండును. గోరింటాకు గదా, ఏమి చేయునులే అను తరతరముల నమ్మకము ఇచట వలగా మారుచున్నది.

కావున శ్రోతలు గుర్తుంచుకొనవలసిన మాట ఒక్కటి కలదు. స్వచ్ఛమైన గోరింటాకు ఎన్నడును నలుపునీయదు. నెరసిన వెంట్రుకకు నారింజ వన్నె, లేదా ఎరుపు కలసిన గోధుమ వన్నె ఇచ్చును. కడిగిన రోజున బాగా ఎర్రగా కనబడి, రెండు దినములలో ముదురును. నల్లని వెంట్రుకను తెల్లబరచదు. ఎండలో ఎర్రని మెరుపు మాత్రము తెచ్చును. దీనికి గంటల కాలము పట్టును. అరగంటలో కారునలుపు తెచ్చునని చెప్పు పొట్లములో ఆకుతో పాటు వేరేదియో ఉన్నదని తెలిసికొనవలెను. కొత్త పొట్లము వాడుటకు ముందు మోచేతి మడతలో కొంచెము పూసి రెండు రోజులు చూచుట మేలు.

జుట్టునకు బలమిచ్చునను మాటయు నిజమే కాని, దానికి హద్దు కలదు. చర్మమునుండి వెలువడిన వెంట్రుకకు ప్రాణము లేదు. కుదురు మాత్రమే జీవించి యుండును. లాసోన్ వెంట్రుక పైపొరను అంటుకొని దానిని కొంత దట్టముగా, బిరుసుగా చేయును. పలుచని జుట్టు నిండుగా కనబడుట ఇందువలననే. కుదురునకు పోషణ మాత్రము ఆహారమునుండి రావలెను. మరియొక జాగ్రత్త: పసిబిడ్డలకు గోరింటాకు పెట్టరాదు. జి6పీడీ అను రక్తలోపముతో పుట్టిన శిశువులలో లాసోన్ చర్మమునుండి లోనికి ప్రవేశించి రక్తకణములను విరిచివేయగలదు.

నేడు మన అంగళ్లకు వచ్చు ఆకుపొడిలో హెచ్చు భాగము రాజస్థానములోని పాలీ జిల్లా సోజత్ ప్రాంతపు పంట. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒకప్పుడు ప్లినీ కనోపసు ఆకునకు తరగతి చెప్పినట్లే, నేడును ఆకునకు ఊరిపేరు విలువ తెచ్చుచున్నది. పెరటిలో గోరింటచెట్టు ఉన్నవారికి ఆ పేరుతోను పని లేదు. నీడన ఆరబెట్టి, దంచి, పలుచని బట్టతో జల్లించుకొన్నచో చాలును.

గ్రెనడా స్త్రీల చేతినుండి శాసనము లాగికొనిన దానిని, మన ఇండ్లలో ఎవరును శాసించి తీసివేయలేదు. తొందరపాటును, పచ్చబొమ్మ వేసిన పొట్లమును కలసి మెల్లగా తీసివేయుచున్నవి. రంగు వేసికొనుటయు మానుటయు ఎవరి ఇష్టము వారిది. వేసికొనువారు తమ తలకు పట్టించునదేదో తెలిసి పట్టింపవలెనని మా మనవి. అమ్మ ఇనుప మూకుడే ఏల వాడెడిదో పిల్లలకు చెప్పగలిగిననాడు, ఆ మూకుడు అటక మీదికి చేరవలసిన అవసరముండదు.