మరుగుదొడ్డి గోడ మీద పుట్టిన మూమిన్

అది తమ్ముడి మీద ఉక్రోషంతో గీసిన బొమ్మ. ఫిన్లాండ్ తీరాన పెల్లింగె దీవుల్లో యాన్సన్ కుటుంబం వేసవి గడిపేది. ఒకసారి, తర్వాత రచయిత్రిగా, చిత్రకారిణిగా పేరొందిన తూవె యాన్సన్‌కీ తమ్ముడు పెర్ ఊలోవ్‌కీ తత్వవేత్త కాంట్ గురించి వాదన ముదిరింది. మాటల్లో నెగ్గలేక, అక్క తనకు తోచినంత అనాకారి జీవిని మరుగుదొడ్డి గోడ మీద గీసి, 'స్నోర్క్' అని పేరు పెట్టింది. బక్క ఒళ్లు, పొడుగాటి ముక్కు. పిల్లలు ముద్దుచేసే కథల జీవి మూమిన్‌కు మూలపురుషుడు ఆ స్నోర్కే.

మూమిన్ అన్న పేరు మేనమామ చలవ. స్టాక్‌హోమ్‌లో చదువుకునే రోజుల్లో రాత్రిపూట వంటింట్లో చిరుతిళ్లు కాజేసే మేనకోడల్ని ఐనార్ మామ ఒక బూచి పేరు చెప్పి బెదిరించాడు. పొయ్యి వెనక మూమిన్‌ట్రోల్ నక్కి ఉంటుందట, దొంగతిండికి వచ్చినవాళ్ల మెడ మీద చల్లగా ఊదుతుందట! 1930ల్లో తూవె నీటిరంగుల చిత్రాల్లో ఆ బూచిని తలపించే ఎర్రకళ్ల నల్లని ఆకారాలు తిరిగాయి.

తల్లి సిగ్నే బొమ్మలు వేసే 'గార్మ్' వ్యంగ్య పత్రికకే తూవె కూడా పదిహేనో ఏటి నుంచి వేసింది. 1938లో హిట్లర్‌ను కేకుల కోసం మారాం చేసే పిల్లాడిగా గీసిన ధైర్యం ఆమెది. 1940ల్లో ఆ పత్రికలో ఆమె సంతకం పక్కన ఆ గోడ మీది పొడుగుముక్కు జీవి చేరింది.

1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లాండ్ మీద పడ్డాయి. రంగులు ముట్టబుద్ధి కాని ఆ చలికాలంలో తూవె ఒక కథ మొదలుపెట్టి, సగంలో వదిలేసింది. అదే పూర్తయి 1945లో 'మూమిన్లు, మహావరద' పుస్తకంగా వచ్చింది. తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ మూమిన్ తల్లీకొడుకులు చీకటి అడవిలో నడుస్తారు. మానుల కింద వాళ్లు చీమలంత కనిపిస్తారు. మూమిన్ ముక్కు ఇంకా సన్నగానే ఉంది. యుద్ధంలో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల కథను పిల్లలకు చెప్పడానికి ఆమె చేతికి అందింది, కోపంలో గీసిన ఆ పాత బొమ్మే.

తర్వాతి పుస్తకాల్లో ముక్కు గుండ్రబడింది, బొజ్జ వచ్చింది. 1954లో లండన్ 'ఈవెనింగ్ న్యూస్'లో బొమ్మల కథ మొదలైంది. రోజువారీ గీత భారమయ్యాక దాన్ని చిన్న తమ్ముడు లార్స్ అందుకుని 1975 దాకా నడిపాడు. ఒక తమ్ముడితో తగవులో పుట్టిన బొమ్మను మరో తమ్ముడు పెంచాడు.